ఎర్ర సూది వేసే ముందు, వేసేటప్పుడు, వేశాక: నా అనుభవం

వెల్‌నెస్ క్లినిక్‌లో ఇంజెక్షన్ గదికి వచ్చేవాళ్లు చాలామంది "బలానికి సూది వేయండి" అంటూనే కూర్చుంటారు. నీరసం, అరికాళ్ల మంట, జుట్టు రాలడం, నిద్ర పట్టకపోవడం, అన్నిటికీ వాళ్లు అడిగేది ఎర్రగా మెరిసే ఆ బి12 మందే. "నీళ్లలో కరిగే విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది" అని నాకు ధైర్యం కూడా వాళ్లే చెబుతారు. అందులో సగం నిజమే. బి12 మోతాదు ఎక్కువై విషమించడం దాదాపు ఉండదు. కానీ సూది దిగిన చోట చీముగడ్డ లేస్తుంది, భుజం నెలల తరబడి పట్టేస్తుంది, అదే యాంపుల్‌లో (మెడ విరిచి తెరిచే చిన్న గాజు సీసాలో) ఉన్న బి6 పోగుపడి కాళ్లు మొద్దుబారతాయి. తేడా కొట్టేది ఎక్కువగా మందు చుట్టూ జరిగే పనిలోనే. ఆ పని వరసగా ఎలా నడవాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సూదికి ముందే రక్తం తీయాలి. ఈ వరస తప్పితే మళ్లీ సరిచేసుకోవడం కుదరదు. 1000 మైక్రోగ్రాముల డోసు ఒక్కటి పడితే చాలు, రిపోర్టులో బి12 అంకె పైకెగిరి కూర్చుంటుంది, వారాలపాటు దాన్ని నమ్మడానికి ఉండదు. మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకన్నా తక్కువ ఉంటే మామూలుగా లోపం కిందే లెక్క. 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానం, అప్పుడు బి12 తక్కువైతే రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ పరీక్షలు తేలుస్తాయి. ల్యాబును బట్టి ఈ హద్దులు కాస్త అటూఇటూ అవుతాయి. లోపం తేలితే అది ఎందుకొచ్చిందో కూడా డాక్టరు చూడాలి. ఏళ్లుగా షుగరుకు వాడుతున్న మెట్‌ఫార్మిన్ కావచ్చు, ఎసిడిటీ మాత్రలు కావచ్చు, జీర్ణాశయానికి చేసిన ఆపరేషన్ కావచ్చు, పాలూ గుడ్డూ కూడా ముట్టని ఆహారం కావచ్చు, బి12ను పేగు పీల్చుకోకుండా అడ్డుకునే పర్నీషియస్ అనీమియా కావచ్చు. సూది ఎన్నాళ్లు వేయాలన్నది ఆ కారణం మీదే ఆధారపడుతుంది.

రిపోర్టులో లోపమే లేనివాళ్లకు బి12 సూదితో ఓపిక పెరుగుతుందని గట్టి ఆధారం లేదు. ఈ మాట చెబితే కొందరు నొచ్చుకుంటారు. అయినా చెప్పాల్సిందే.

అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇంతకుముందు ఏ సూదికైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా? కోబాల్ట్ పడదని చర్మ డాక్టరు ఎప్పుడైనా చెప్పారా? బి12 అణువు నడిమధ్య ఉండేది కోబాల్టే. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? గర్భిణా, పాలిచ్చే తల్లా? కిడ్నీ జబ్బు ఉందా? ఇంట్లో మగవాళ్లకు చిన్న వయసులోనే చూపు పోయిందా? ఈ చివరి ప్రశ్న విని నవ్వుతారు గానీ, లెబెర్ ఆప్టిక్ న్యూరోపతి అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లకు సయనోకోబాలమిన్ అనే బి12 రకం వేస్తే చూపు నరం వేగంగా దెబ్బతినే ప్రమాదం ఉందని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. పార్కిన్సన్‌కు లెవోడోపా ఒక్కటే, కార్బిడోపా తోడు లేకుండా వాడేవాళ్లకు బి6 పడితే ఆ మాత్ర పని తగ్గిపోతుంది.

కాళ్లలో తిమ్మిరి, చీకట్లో నడిస్తే తూలు, మతిమరుపు ఉన్నాయని చెబితే అది వెల్‌నెస్ గదిలో తేల్చే వ్యవహారం కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. అలాంటివాళ్లు అప్పటికే ఫోలిక్ ఆసిడ్ మాత్రలు మింగుతుంటే ఇంకా జాగ్రత్త పడాలి. ఫోలిక్ ఆసిడ్ రక్తహీనతను సర్దేస్తుంది, లోపల నరాలు పాడవడం మాత్రం ఆగదు. హిమోగ్లోబిన్ బాగుందని అందరూ సంతోషిస్తుంటారు, కాళ్లు చచ్చుబడుతుంటాయి. ఇక హిమోగ్లోబిన్ బాగా పడిపోయిన మనిషికి బి12 మొదలుపెడితే, కొత్త రక్తకణాలు పుట్టే ఊపులో పొటాషియం కణాల్లోకి లాగబడి రక్తంలో తగ్గిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. వాళ్లకు మొదటి డోసులు ఆసుపత్రిలోనే పడాలి.

మన భాష తెచ్చే చిక్కు ఒకటుంది. రక్తం పారే నాళాన్నీ నరమే అంటాం, మెదడు కబురు మోసే నాడినీ నరమే అంటాం. బి12ను "నరాల సూది" అంటాం కాబట్టి "నరానికే వేయండి, త్వరగా పనిచేస్తుంది" అని అడిగేవాళ్లు రోజూ ఉంటారు. సయనోకోబాలమిన్‌ను రక్తనాళంలోకి ఇస్తే చాలా భాగం త్వరగా మూత్రంలోకి వెళ్లిపోతుంది, ఒంట్లో నిల్వ పడేది తక్కువ. దాన్ని కండకో, చర్మం కిందకో వేయాలి. హైడ్రాక్సోకోబాలమిన్ అనే ఇంకో బి12 రకాన్ని మామూలుగా కండకే వేస్తారు, అది ఒంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది. బి1, బి6, బి12 కలిపిన కొన్ని యాంపుల్స్‌లో నొప్పి తెలియకుండా లిడోకైన్ కూడా కలుపుతారు. కండకని తయారుచేసిన అలాంటి మందు రక్తనాళంలోకి వెళితే గుండె మీద దెబ్బ పడొచ్చు. అందుకే పెట్టె మీద పేరు చదివితే చాలదు. ఏ మార్గంలో ఇవ్వాలో, ఇంకేం కలిసిందో కూడా చదవాలి. నిల్వ ఉండటానికి బెంజైల్ ఆల్కహాల్ కలిపిన మందు అప్పుడే పుట్టిన పిల్లలకు వేయకూడదు.

మోతాదు దగ్గర తప్పు జరిగేది మైక్రోగ్రాము, మిల్లీగ్రాముల మధ్య. 1000 మైక్రోగ్రాములంటే 1 మిల్లీగ్రాము. చీటీలో 500 మైక్రోగ్రాములని ఉండి, చేతిలో ఉన్నది మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాములున్న వయల్ (రబ్బరు మూత సీసా) అయితే అర మిల్లీలీటరే తీయాలి. "ఒక యాంపుల్ వేయండి" అని రాసిన చీటీని నేను వెనక్కి పంపుతాను. ఒక్కో కంపెనీ యాంపుల్‌లో ఒక్కో బలం ఉంటుంది. లోపం తేలినవాళ్లకు బాగా వాడుకలో ఉన్న పద్ధతి, హైడ్రాక్సోకోబాలమిన్ 1 మిల్లీగ్రాము వారానికి 3 సార్లు, 2 వారాలు, తర్వాత 2, 3 నెలలకోసారి. నరాలు దెబ్బతిన్నవాళ్లకు రోజు విడిచి రోజు, మెరుగుదల కనిపిస్తున్నంత కాలం. సయనోకోబాలమిన్ అయితే తర్వాతి డోసులు నెలకొకటి పడతాయి. ప్రతి వారం, ఎప్పటికీ, అనే ప్యాకేజీకి ఈ లెక్కల్లో ఎక్కడా చోటు కనబడదు.

ఇక చేతిపని. యాంపుల్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే మందు తేటగా ఎర్రగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, రేణువులు తేలుతున్నా పారేయాలి. బి12కు వెలుతురు పడదు, మిథైల్‌కోబాలమిన్ అనే రకానికి మరీ పడదు. వెలుతురు తగిలితే అది హైడ్రాక్సో రూపంలోకి మారిపోతుంది, రంగు చూసి ఆ మార్పు పట్టుకోవడం కష్టం. పొద్దున్నే పది సిరంజిల్లో నింపి ట్రేలో పేర్చుకునే అలవాటు అందుకే పనికిరాదు. వేసేటప్పుడే పెట్టెలోంచి తీయాలి.

మెడలో చిక్కిన మందు కిందికి దిగేలా యాంపుల్ తలమీద వేలితో తట్టాలి. మెడ మీద చుక్క ఉన్న యాంపుల్ అయితే ఆ చుక్క మన వైపు ఉండాలి. మెడ చుట్టూ కట్టుకు వాడే పలచని గాజ్ గుడ్డ మడిచి, చుక్క మీద బొటనవేలు ఆనించి, తలను వెనక్కి, మనకు దూరంగా విరవాలి. టక్కుమని విరిగినప్పుడు కంటికి కనబడని గాజు పొడి లోపలికి రాలుతుంది. దాన్ని ఆపడానికే 5 మైక్రాన్ల ఫిల్టర్ నీడిల్. అది లేకపోతే సన్నని నీడిల్‌తో నెమ్మదిగా, అడుగున మిగిలిన చివరి బొట్టు జోలికి పోకుండా లాగాలి. తీసిన నీడిల్‌తోనే మనిషికి వేయకూడదు. దాని మొన యాంపుల్ అడుగుకు తగిలి మొద్దుబారి ఉంటుంది, ఫిల్టర్ నీడిల్ అయితే పట్టుకున్న గాజునంతా తిరిగి ఒంట్లోకే నెడుతుంది. కొత్తది మార్చాలి.

ఎక్కువ డోసుల వయల్ వేరే కథ. రబ్బరు మూతను ప్రతిసారీ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి, ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త నీడిల్ వాడాలి. మొదట గుచ్చిన తేదీని వయల్ మీదే రాయాలి, కంపెనీ ఇంకోలా చెప్పకపోతే 28 రోజులకు పారేయాలి. "మళ్లీ మళ్లీ గుచ్చడం ఎందుకు" అని ఒక నీడిల్‌ను మూతలోనే వదిలేసే అలవాటు ఉంది చూశారా, గాలిలోని సూక్ష్మజీవులకు తలుపు తెరిచిపెట్టడం అంటే అదే.

అలాంటిదే ఇంకొకటి, స్పిరిట్‌లో నానబెట్టిన దూది ఉండల డబ్బా. ముందే నానబెట్టి డబ్బాలో దాచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పదిమంది వేళ్లు పడతాయి, ఆల్కహాల్ ఎగిరిపోతుంది, మిగిలేది తడిదూది. విడిగా కట్టిన స్వాబ్ గానీ, అప్పటికప్పుడు తడిపిన దూది గానీ వాడాలి. 60 నుంచి 70 శాతం ఆల్కహాల్‌తో నడిమి నుంచి బయటికి 30 సెకన్లు తుడిచి, 30 సెకన్లు ఆరనివ్వాలి. నోటితో ఊదకూడదు. తడి ఆరకుండా గుచ్చితే మంట పుడుతుంది, జనం దాన్ని మందు మంట అనుకుంటారు.

చేతికి వేసేటప్పుడు చొక్కా మెడపట్టీని పక్కకు లాగి భుజం బయటపెట్టకూడదు. అలా చేస్తే కనబడేది భుజం పైభాగమే, సూది కీలు సంచిలో దిగుతుంది. ఆ భుజం నెలల తరబడి పైకి లేవదు. చొక్కా చెయ్యి విప్పించాలి, కూర్చున్న మనిషికి మనమూ కూర్చునే వేయాలి. నిలబడి వేస్తే మన చెయ్యి తెలియకుండానే పైకి పోతుంది. భుజం చివర గట్టిగా తగిలే ఎముక కింద రెండు మూడు వేళ్ల వెడల్పు వదిలి, తిరగేసిన త్రికోణంలా ఉండే కండ నడుమ గుచ్చాలి. మరీ కిందికి, వెనక్కి పోతే చేతినరం దారిలో ఉంటుంది. ఈ కండ 1 మిల్లీలీటరును సుఖంగా మోస్తుంది, 2 అంటే మూలుగుతుంది. మూడు విటమిన్ల 3 మిల్లీలీటర్ల యాంపుల్‌ను తుంటి పక్క కండకు వేయడమే మేలు. తుంటి పక్కన పొడుచుకొచ్చే తొడ ఎముక మీద అరచేతి మడమ ఆనించి, చూపుడువేలును నడుము ముందు ఎముక మొన వైపు, నడిమివేలును నడుము ఎముక అంచు వైపు చాపితే వేళ్ల సందులో వచ్చే చోటు అది. అందరికీ అలవాటైన పిరుదు వెనక భాగంలో సయాటిక్ నరం పోతుంది. అక్కడ వేయక తప్పకపోతే పై బయటి పావుభాగం దాటి రాకూడదు.

కండకు 22 నుంచి 25 గేజ్ (సూది సన్నదనం కొలత) నీడిల్, పొడవు 25 మిల్లీమీటర్లు. మనిషి లావైతే 38. పొట్టి నీడిల్‌తో కొవ్వులోనే వదిలేస్తే గట్టి ముద్ద కడుతుంది. సూది దించే ముందు చర్మాన్ని 2, 3 సెంటీమీటర్లు పక్కకు లాగి పట్టుకుని, 90 డిగ్రీల్లో దించి, మిల్లీలీటరుకు 10 సెకన్ల చొప్పున నెట్టి, ఇంకో 10 సెకన్లు ఆగి తీశాక చర్మాన్ని వదలాలి. పొరలు జరిగి సూది దారి మూసుకుపోతుంది, మందు వెనక్కి కారదు. తర్వాత నొక్కి పట్టుకోవాలి, రుద్దకూడదు. పిరుదు దగ్గర పిస్టన్ వెనక్కి లాగి చూడటం ఇప్పటికీ మంచిదే. రక్తం కనబడితే ఆ సిరంజి మొత్తం పారేసి కొత్తగా మొదలుపెట్టాలి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు 23 గేజ్ లేదా ఇంకా సన్నది వాడి కనీసం 2 నిమిషాలు గట్టిగా అదిమిపట్టాలి. వీలైతే చర్మం కిందకే వేయాలి.

నీడిల్‌కు మూత తిరిగి పెట్టకూడదు, నేరుగా వాడిన సూదులు వేసే షార్ప్స్ డబ్బాలోకే. డబ్బా మూడొంతులు నిండగానే మూసేయాలి.

సూది పడిన మనిషిని 15 నిమిషాలు కూర్చోబెట్టాలి, మొదటిసారైతే అరగంట. ఈలోగా కళ్లు తిరిగి పడేవాళ్లు ఉంటారు. అది భయంతో సొమ్మసిల్లడమా, అనాఫిలాక్సిస్ అనే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీయా అని తేల్చడానికి ముందు నాడి పట్టుకుంటాను. సొమ్మసిల్లితే మనిషి పాలిపోయి, చెమటపట్టి, నాడి నెమ్మదిగా ఉంటుంది, పడుకోబెట్టి కాళ్లెత్తితే నిమిషంలో తేరుకుంటాడు. నాడి పరుగెడుతూ, ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, పిల్లికూతలు, గొంతు బొంగురు కనిపిస్తే ఆలోచించడానికి సమయం లేదు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న అడ్రినలిన్ అర మిల్లీలీటరు, తొడ నడిమి బయటి కండలోకి వేయాలి. ఇది పెద్దవాళ్ల మోతాదు. అంబులెన్సును పిలవాలి, 5 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ అదే డోసు. మనిషిని నిలబెట్టకూడదు, నడిపించకూడదు. ఎవిల్ (అలర్జీ మందు), హైడ్రోకార్టిజోన్ (స్టెరాయిడ్) ముందు వేసి అడ్రినలిన్ దాచుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. అడ్రినలిన్ లేని గదిలో బి విటమిన్ సూది కూడా వేయకూడదు.

బి1, అంటే థయమిన్, ఈ విషయంలో మిగతావాటికన్నా పేచీకోరు. రక్తనాళంలోకి ఒక్కసారిగా నెడితే అరుదుగానైనా తీవ్రమైన అలర్జీ వస్తుంది. సెలైన్‌లో కలిపి అరగంట పట్టేలా ఎక్కించడం మంచిది. మద్యం అలవాటున్నవాళ్లకు, రోజుల తరబడి తినక చిక్కిపోయినవాళ్లకు గ్లూకోజ్ కన్నా ముందు గానీ, దాంతోపాటు గానీ థయమిన్ పడాలి. గ్లూకోజ్ ఒక్కటే పోస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే వెర్నికే స్థితి రావచ్చు.

వెల్‌నెస్ డ్రిప్పుల్లో పేరున్నది మైయర్స్ కాక్‌టెయిల్. బాల్టిమోర్ డాక్టరు జాన్ మైయర్స్ వాడిన మిశ్రమం, ఆయన 1984లో పోయాక అలన్ గేబీ అనే డాక్టరు దాన్ని సవరించి 2002లో ప్రచురించారు. అందులో బి విటమిన్లతో పాటు మెగ్నీషియం, కాల్షియం, విటమిన్ సి ఉంటాయి. వేగంగా ఎక్కిస్తే ఒంట్లో వేడి ఎగజిమ్మి బీపీ పడిపోయేది మెగ్నీషియం వల్ల. కిడ్నీలు సరిగా లేనివాళ్లకు అదే మెగ్నీషియం ఒంట్లోనే ఉండిపోతుంది. ఇలాంటివి కలిపేటప్పుడు విటమిన్లన్నీ ఒకే జాతి కదా అనుకోవద్దు. విటమిన్ సి, విచ్ఛిన్నమైన థయమిన్ రెండూ బి12ను పాడుచేస్తాయి. థయమిన్‌కు సోడా బైకార్బొనేట్ పడదు. సెలైన్ బదులు ఉత్త స్టెరైల్ వాటర్‌తో సంచి నింపితే రక్తకణాలు ఉబ్బి పగులుతాయి. కలిపే పని రిసెప్షన్ బల్ల మీద జరిగేది కాదు. క్లినిక్కుల్లో, మెడికల్ స్పాల్లో, ఐవీ డ్రిప్ కేంద్రాల్లో శుభ్రత లేకుండా మందులు కలుపుతున్నారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులో ప్రత్యేకంగా హెచ్చరించింది.

ఇక అందరూ తేలిగ్గా వదిలేసే బి6. మూడు విటమిన్ల యాంపుల్‌లో మామూలుగా 100 మిల్లీగ్రాముల బి6 ఉంటుంది. దానికితోడు రోజూ మింగే మల్టీవిటమిన్, జిమ్‌లో తాగే పొడి, అరికాళ్ల మంటకు వేరే డాక్టరు రాసిన మాత్ర, అన్నిట్లోనూ బి6 ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 100 మిల్లీగ్రాములు దాటవద్దని అమెరికా లెక్క. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో ఆ హద్దును 12కే దించింది. హద్దు దాటి నెలల తరబడి పోతే స్పర్శ నరాలు దెబ్బతిని పాదాలు మొద్దుబారతాయి, సూదులు గుచ్చినట్టుంటుంది. బి12 లోపం లక్షణాలు కూడా అచ్చం ఇవే. దాంతో మనిషి వచ్చి "తగ్గలేదండీ, ఇంకో కోర్సు వేయండి" అంటాడు, మనమూ వేస్తాం, తిమ్మిరి పెరుగుతుంది. నాలుగో వారం కూడా తిమ్మిరి అంటే ముందు వాళ్ల సంచిలోని సీసాలన్నీ బల్ల మీద పెట్టించి బి6 అంకెలు కూడాలి. ఆపేశాక కూడా కొన్ని వారాలు లక్షణాలు ముదిరి, ఆ తర్వాతే నెమ్మదిగా దిగడం ఉంది.

జుట్టుకని బయోటిన్ (ఇదీ ఒక బి విటమినే) సూది వేయించుకున్నవాళ్లు థైరాయిడ్ పరీక్షకు వెళితే కొన్ని ల్యాబు పద్ధతుల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా, లేని జబ్బు ఉన్నట్టు కనబడుతుంది. గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపించగలదు, అది ఇంకా ప్రమాదం. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపాలి, పెద్ద డోసైతే ఇంకా ముందే. రక్తం తీసేవాళ్లకు ఆ సంగతి చెప్పాలి.

ఇంటికి వెళ్లేటప్పుడు చెప్పేవి కొన్ని. ఒకటి రెండు రోజులు నొప్పి మామూలే. బి కాంప్లెక్స్‌లో బి2 ఉంటే మూత్రం పసుపుపచ్చగా వస్తుంది, కంగారు వద్దు. మొటిమలు లేస్తే డాక్టరుకు చెప్పాలి. రెండు రోజుల తర్వాత ఎరుపు తగ్గే బదులు పరుచుకుంటున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా ఫోన్ కాదు, రావాలి. లోపం నిజంగా ఉన్నవాళ్లకు వారంలో కొత్త రక్తకణాలు పెరుగుతాయి, హిమోగ్లోబిన్ సర్దుకోవడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది, నరాలకు ఇంకా ఎక్కువ. మొదటి కోర్సు అయ్యాక చాలామందికి మాత్ర సరిపోతుంది. రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్రలో సుమారు 1 శాతం, పేగుకు ప్రత్యేక సాయం అక్కర్లేకుండానే రక్తంలోకి జారుతుంది, ఆ కాస్త చాలు. నరాలు దెబ్బతిన్నవాళ్ల సంగతి మాత్రం డాక్టరే తేల్చాలి.

మనిషి బయటికి వెళ్లాక పుస్తకంలో రాయాల్సింది: తేదీ, మందు పేరు, బలం, ఎన్ని మిల్లీలీటర్లు, కుడా ఎడమా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ. కొన్ని నెమ్మది క్రిములు సూది పడ్డ ఎన్నో వారాలకు గానీ గడ్డగా బయటపడవు, మామూలు యాంటీబయాటిక్‌కు లొంగవు. అలాంటి గడ్డతో ఒకరు తిరిగొచ్చినరోజు, అదే బ్యాచ్ మందు ఇంకా ఎవరెవరికి వేశామో చెప్పేది ఆ బ్యాచ్ నంబరు గడి ఒక్కటే.